మూల కుదరాలంటే

హైదరాబాద్ శ్రీనగర్ కాలనీలో ఏ సందులోనైనా ఓసారి తలెత్తి చూడండి. బాల్కనీకి గ్రిల్లు, మెట్లకు రెయిలింగు, కింద గేటు, టెర్రస్ మీద బట్టలారేసే స్టాండు. చాలామటుకు స్క్వేర్ పైపుతో చేసిన పనే. ఈసారి డిజైన్ వదిలేసి మూలలు చూడండి. కొన్ని మూలల్లో రెండు పైపులు సన్నని గీత దగ్గర శుభ్రంగా కలుస్తాయి. కొన్నిచోట్ల వెల్డింగ్ ముద్దకట్టి ఉంటుంది. దాని మీద లప్పం, లప్పం మీద రంగు, రంగు పగిలిన చోటి నుంచి గోడ మీదికి జారిన తుప్పు చార. పైపు ఒకటే, రాడ్డు ఒకటే. వెల్డర్ చెయ్యి కూడా చాలాసార్లు ఒకటే. తేడా నిప్పు దగ్గర రాలేదు. అంతకు గంట ముందు, గీత గీసేటప్పుడే వచ్చేసింది.

అమీర్‌పేట పేరు చెబితే అందరికీ కంప్యూటర్ కోర్సులే గుర్తొస్తాయి. ఆ కోర్సులకొచ్చిన పిల్లలు హాస్టళ్లలో పడుకునే రెండంతస్తుల ఇనుప మంచాలు కూడా ఎవరో కోసి, అతికి, మూల కలిపినవే. చేతిపని నేర్చుకుని నిలబడాలనుకునేవారికీ, సొంతింటికి ఓ స్టాండు తామే చేసుకుందామనుకునేవారికీ ఈ అధ్యాయం. ఇందులో నేర్చుకోవాల్సిన సూత్రం ఒక్కటే: ఏ దశలో పుట్టిన తప్పును ఆ దశలోనే దిద్దాలి, తర్వాతి దశకు అప్పజెప్పకూడదు.

ఎందుకో ఖర్చు లెక్క చూస్తే తెలుస్తుంది. గీత తప్పితే తడిగుడ్డతో తుడిచి మళ్లీ గీస్తాం. కోత తప్పితే ఆకురాయి పట్టుకుని పది నిమిషాలు రుద్దాలి. టాక్, అంటే పూర్తి వెల్డింగ్‌కు ముందు ముక్కల్ని పట్టి ఉంచే చిన్న అతుకు, తప్పితే గ్రైండర్ పెట్టి కోసి విడదీయాలి. పూర్తి వెల్డింగ్ అయ్యాక తప్పు బయటపడితే ఆ మూల మొత్తం పోతుంది, ఒక్కోసారి పైపూ పోతుంది. తీసుకెళ్లి గోడకు బిగించాక బయటపడితే పైపుతోపాటు పేరూ పోతుంది.

సగం కోణం లెక్క

రెండు పైపులు ఒక కోణంలో కలవాలంటే ఆ కోణాన్ని ఇద్దరూ చెరిసగం పంచుకోవాలి. 90 డిగ్రీల మూలకు ఒక్కో పైపును 45 దగ్గర కోస్తాం. అన్ని పక్కలూ సమానంగా ఉండే ఫ్రేముకు 180ని పక్కల సంఖ్యతో భాగిస్తే కోత మిషన్ మీద పెట్టాల్సిన కోణం, అంటే తిన్నటి అడ్డకోత నుంచి ఎంత వాలాలో, వచ్చేస్తుంది. నాలుగు పక్కలకు 45, ఆరు పక్కలకు 30, ఎనిమిది పక్కలకు 22.5.

కోణమానినితో డిగ్రీలు కొలవడం కన్నా టేపుతో మిల్లీమీటర్లు కొలవడం నమ్మకం. 40 మిల్లీమీటర్ల పైపు మీద ఒక అంచున గుర్తు పెట్టి, ఎదుటి అంచున ఎంత వెనక్కి జరిగి గుర్తు పెట్టాలో గుర్తుంచుకుంటే చాలు. 45 డిగ్రీలకు సరిగ్గా 40 మి.మీ., 30 డిగ్రీలకు దాదాపు 23, 22.5 డిగ్రీలకు దాదాపు 16.5. రెండు గుర్తులూ కలిపితే అదే కోత గీత.

మెట్ల రెయిలింగు దగ్గర చాలామంది తడబడతారు. మెట్టు ఎత్తు 150, వెడల్పు 300 మి.మీ. అనుకుందాం. రెయిలింగు వాలు దాదాపు 26.5 డిగ్రీలు. వాలు పైపు వచ్చి మట్టంగా ఉన్న పైపును కలిసేచోట ఒక్కోదానికి అందులో సగం, అంటే పదమూడుంపావు. మిషన్ స్కేలు మీద పావు డిగ్రీ ఎవరికీ కనపడదు. అందుకని నేల మీదో, ప్లైవుడ్ మీదో పూర్తి సైజులో బొమ్మ గీయండి. రెండు పైపుల వెడల్పూ గీతలుగా వేస్తే బయటి గీతలు ఒకచోట, లోపలి గీతలు ఒకచోట కలుస్తాయి. ఆ రెండు చుక్కల్నీ కలపండి. కోత గీత అదే. 40 పైపుకు 25 పైపు కలపాల్సి వచ్చినప్పుడు సగం లెక్క పనిచేయదు. రెండు చుక్కల పద్ధతి అక్కడా పనిచేస్తుంది.

గీత

ముందు పైపును చూడండి. మందం ఎంతో దుకాణంలో గేజ్‌లో చెబుతారు: 18 గేజ్ అంటే దాదాపు 1.2 మి.మీ., 16 అంటే 1.6, 14 అంటే 2. గేజ్ సంఖ్య పెరిగేకొద్దీ రేకు పలచన. నేర్చుకునేవారు 2 మి.మీ. పైపుతో మొదలుపెట్టాలి. పలచటి పైపు తక్కువకు వస్తుంది గానీ రాడ్డు తగలగానే బొక్క పడుతుంది. పైపు లోపలికి తొంగిచూస్తే ఒక పక్క పొడవునా అతుకు గీత కనిపిస్తుంది. రేకును మడిచి ఆ పక్కనే కలిపి పైపు చేస్తారు. ఆ పక్కను కంటికి కనపడని వైపు ఉంచుకోండి.

సుద్దముక్కతో గీసిన గీత వెడల్పే రెండు మిల్లీమీటర్లుంటుంది. కోత గీతకు సూదిమొన ఉన్న స్క్రైబర్ వాడండి. మూలమట్టం, మన దగ్గర గునియా అంటారే, దాని పీట పైపు చదును మీద ఆనాలి. స్క్వేర్ పైపు అంచులు గుండ్రంగా ఉంటాయి కాబట్టి అంచు మీద ఆనిస్తే కదులుతుంది. గీత నాలుగు ముఖాల మీదా తిరగాలి. రెండు ఎదురెదురు ముఖాల మీద వాలు గీత, మిగతా రెండింటి మీద అడ్డగీత. చుట్టూ తిరిగి వచ్చిన గీత మొదలైన చోటనే కలిసిందా? కలవకపోతే ఎక్కడో గునియా జారింది. తుడిచి మళ్లీ గీయండి. దీనికి పైసా ఖర్చు లేదు.

కోత

ఉదాహరణకు బాల్కనీలో పూలకుండీలు పెట్టుకోవడానికి 900 × 600 మి.మీ. ఫ్రేములు రెండు కావాలి. 40 పైపు, మూలలన్నీ 45. బయటి కొలత 900 ఉన్న ముక్కకు లోపలి కొలత 820. రెండు ఫ్రేముల బయటి కొలతలన్నీ కూడితే సరిగ్గా 6 మీటర్లు. ఆరు మీటర్ల పైపు చాలదనిపిస్తుంది, ఎందుకంటే చక్రం తినేసేది కూడా ఉంది. కానీ ఒక్కో కోత తర్వాత పైపును దాని ఇరుసు మీద సగం చుట్టు తిప్పి, కింది ముఖాన్ని పైకి తెచ్చి కోస్తే ఈ ముక్క చివరి కోతే తర్వాతి ముక్కకు మొదటి కోత అవుతుంది. అప్పుడు అన్నీ కలిపి 5,750 మి.మీ. దాకానే పడుతుంది. ఒకే పైపులో రెండు ఫ్రేములు వస్తాయి, మధ్యలో తుంట వ్యర్థమయ్యేది లేదు.

14 అంగుళాల కటాఫ్ మిషన్ మీద ఉన్న డిగ్రీల స్కేలును నమ్మకండి. రెండు తుంటలు 45 దగ్గర కోసి, కలిపి, గునియాలో పెట్టి చూడండి. కోతలో అర డిగ్రీ తేడా ఉంటే కలిపినప్పుడు ఒక డిగ్రీగా కనిపిస్తుంది. అర డిగ్రీయేగా అని వదిలేస్తే ఏమవుతుందో లెక్క వేద్దాం. ఫ్రేముకు కోతలు ఎనిమిది. ఎనిమిది అరలు నాలుగు డిగ్రీలు. మూడు మూలలు గట్టిగా కలిపేసరికి ఆ నాలుగు డిగ్రీలూ నాలుగో మూలలో బయటపడతాయి. 40 పైపులో 45 కోత ముఖం పొడవు దాదాపు 56.5 మి.మీ. ఒక్కో డిగ్రీకి ఒక మిల్లీమీటర్ చొప్పున చివరి మూల నాలుగు మిల్లీమీటర్లు నోరు తెరుస్తుంది. ‘చివరి మూల ఎప్పుడూ ఇంతే’ అని వినపడేది ఇందుకే. ఆ తప్పు చివరి మూలది కాదు.

కోసేటప్పుడు మిషన్ హ్యాండిల్ మీద బరువేసి నొక్కితే చక్రం వంగుతుంది, కోత పక్కకు పోతుంది. చక్రాన్ని దాని వేగంతో తిననివ్వాలి. పైపు రెండో కొస గాల్లో వేలాడకూడదు. అదే ఎత్తులో కింద ఏదైనా ఆనించండి. 4 అంగుళాల చేతి గ్రైండర్‌తో కోసేవాళ్లు ఒక్కసారిగా పైపు అడ్డంగా దించేయకుండా ఒక్కో ముఖాన్నే గీత వెంట కోసుకుంటూ తిరగాలి. గీత ముక్క మీదే మిగలాలి, చక్రం తినేది గీతకు అవతల, తుంట వైపు.

చక్రం మీద రాసిన వేగం మిషన్ వేగం కన్నా ఎక్కువ ఉండాలి. 14 అంగుళాల చక్రం మీద సాధారణంగా నిమిషానికి 4,300 దరిదాపుల్లో, 4 అంగుళాల చక్రం మీద 15,000 పైన రాసి ఉంటుంది. దాని గడువు తేదీ కూడా చూడండి. కటింగ్ చక్రంతో పక్కకు రుద్దకండి, పగులుతుంది. గార్డు తీసేసి వాడేవాళ్లు మీకు చాలామంది కనిపిస్తారు. వాళ్ల పనితనం నేర్చుకోండి, ఆ అలవాటు మాత్రం వద్దు.

ఆకురాయి

కోసిన అంచుకు లోపలా బయటా సన్నని ముళ్లు లేస్తాయి. అవి తీయకపోతే ముక్కలు పూర్తిగా ఆనవు, కొలత అబద్ధం చెబుతుంది. ఆకురాయితో తీసి, నాలుగు ముక్కల్నీ నేల మీద పేర్చి, వెల్డింగ్ లేకుండానే ఫ్రేము కలిసిందో లేదో చూడండి. జత ముక్కలు రెండూ పక్కపక్కన నిలబెడితే కొసలు సమానంగా ఉండాలి. సందు ఎక్కడైనా పైపు మందంలో సగం దాటితే, అంటే 2 మి.మీ. పైపుకు ఒక మిల్లీమీటర్ దాటితే, అక్కడితో ఆగాలి.

పని తెలిసిన మేస్త్రీ దగ్గర ఈ దశలో వినిపించే మాటలు ఇలా ఉంటాయి.

‘అన్నా, గ్యాప్ రెండు మిల్లీలు వస్తున్నది. రాడ్డుతోటి నింపాల్నా?’

‘నింపుడు వద్దు తమ్మీ. ఏ ముక్క తప్పిందో గునియా పెట్టి చూడు. ముందు అది దొరకాలె.’

ఆ జవాబులో చాలా చదువుంది. సందు పూడ్చడం కన్నా ఏ ముక్కలో తప్పుందో కనిపెట్టడం ముందు. పలచటి పైపు అంచుల మధ్య సందును నింపబోతే అంచులు కరిగి వెనక్కి పోతాయి, సందు ఇంకా పెరుగుతుంది. నింపినకొద్దీ వేడి, వేడి పెరిగినకొద్దీ వంకర.

టాక్

ఫ్రేమును ఎక్కడ పరుస్తున్నారన్నది ముఖ్యం. అపార్ట్‌మెంట్ పార్కింగ్ నేల మట్టంగా ఉండదు, నీళ్లు పోవడానికి వాలుగా వేస్తారు. దాని మీద అతికిన ఫ్రేము ఆ వాలుకే మెలిపడుతుంది. రెండు తిన్నటి పైపులు పరిచి, కింద చెక్క ముక్కలు దోపి, రసమట్టంతో సరిచూసి, వాటి మీద ఫ్రేము పేర్చండి.

మొదట మూలకు ఒక్క టాక్, అదీ బయటి అంచున. నాలుగూ వేశాక కర్ణాలు కొలవండి. 900 × 600 ఫ్రేముకు ఒక్కో కర్ణం 1,082 మి.మీ. దగ్గర ఉండాలి. అంకె కన్నా రెండూ సమానంగా ఉండడం ముఖ్యం. రెండింటికీ 6 మి.మీ. తేడా వచ్చిందంటే 600 పక్క ఒక కొస దగ్గర మూడున్నర మిల్లీమీటర్లు పక్కకు ఒరిగినట్టు. ఇప్పుడైతే పొడవైన కర్ణం కొసన చెక్క సుత్తితో నాలుగు దెబ్బలేస్తే సర్దుకుంటుంది. మొక్కై వంగనిది మానై వంగదు. కర్ణాలు కలిశాకే లోపలి మూలలో రెండో టాక్. మళ్లీ కొలత. తర్వాత ఒక కర్ణం వెంట పనికిరాని పట్టీ ఒకటి అడ్డంగా టాక్ వేసి ఉంచితే పూర్తి వెల్డింగ్‌లో ఫ్రేము కదలదు.

టాక్ ఒక్క క్షణమేగా అని మాస్క్ లేకుండా కళ్లు మూసుకుని వేసే అలవాటు చాలామందిలో ఉంది. దాని ఫలితం అప్పటికప్పుడు తెలియదు. రాత్రి ఇసుక పోసినట్టు కళ్లు మండుతుంటే తెలుస్తుంది. 10వ నంబరు అద్దం ఉన్న మాస్క్ టాక్‌కు కూడా ఉండాల్సిందే. చోద్యం చూడటానికి చేరిన పిల్లల్ని పంపేయండి, వాళ్ల కళ్లకు మాస్క్ లేదు.

పూర్తి వెల్డింగ్

ఇనుము మీటరు పొడవున 100 డిగ్రీలు వేడెక్కితే 1.2 మి.మీ. సాగుతుంది. చల్లారేటప్పుడు అతుకు తన వైపుకు లాగుతుంది. ఈ లాగుడును ఆపలేం, సమంగా పంచగలం. ఒక మూల పూర్తిచేసి పక్క మూలకు పోకుండా ఎదుటి మూలకు వెళ్లండి. ఒకటి, మూడు, రెండు, నాలుగు, ఈ వరసలో. ఒక ముఖం నాలుగు మూలల్లోనూ అయ్యాక ఫ్రేము తిరగేయండి.

2 మి.మీ. పైపుకు 6013 రకం, 2.5 మి.మీ. రాడ్డు, 60 నుంచి 80 ఆంపియర్లు సరిపోతాయి. రాడ్డు ప్యాకెట్ మీద హద్దులు రాసి ఉంటాయి, వాటిలో తక్కువ వైపు నుంచి మొదలుపెట్టండి. అర్తింగ్ క్లాంప్ రంగు, తుప్పు లేని చోట, అతుకుకు దగ్గరగా పట్టించాలి. గీత పొడవునా ఒకే ఊపున లాగకుండా కొంచెం వేసి, ఎరుపు తగ్గనిచ్చి, మళ్లీ వేయండి. ప్రతిసారీ చిట్టెం కొట్టి, బ్రష్ వేసి చూడాలి. చిట్టెం మీద వేసిన వెల్డింగ్ పైకి బాగుంటుంది, లోపల బోలు.

బాల్కనీలో వానకు తడిసే పనైతే చుట్టూ పూర్తిగా అతకాలి. వదిలేసిన సందులోంచి నీళ్లు పైపులోకి దిగి లోపలి నుంచి తుప్పు తింటుంది. అన్ని వైపులా మూసేసే ఫ్రేముకు చివరి అతుకు దగ్గర లోపలి వేడిగాలి ఊదుకుని బయటికొచ్చి బెజ్జం పడుతుంది. కనపడని కింది ముఖాన చిన్న రంధ్రం ముందే వేసుకుంటే ఆ బాధ ఉండదు. గ్రైండింగ్ కంటికి కనిపించే ముఖం వరకే, అదీ పైపు మట్టానికి వచ్చేదాకే. లోపలి మూల అతుకును అలాగే ఉంచండి, బలం దానిదే.

జీఐ పైపు వాడితే ఇంకో జాగ్రత్త. పైనున్న జింకు పూత దాదాపు 907 డిగ్రీలకే మరిగి తెల్లటి పొగవుతుంది. ఇనుము కరగాలంటే 1,500 దాటాలి. అంటే ఇనుము కరిగేలోపే ఆ పొగ ముక్కులోకి చేరుతుంది. సాయంత్రానికి చలిజ్వరం, ఒళ్లునొప్పులు. పాలు తాగితే, బెల్లం తింటే పోతుందన్న మాట నమ్మి కూర్చోవద్దు. అతుకు చుట్టూ ఒక అంగుళం మేర పూతను రుద్ది తీసేయండి, గాలి ఆడే చోట పనిచేయండి, తగిన మాస్క్ పెట్టుకోండి. పని అయ్యాక ఆ భాగానికి జింకు ప్రైమర్ పూయాలి.

అపార్ట్‌మెంట్‌లో పని అంటే పక్కవాళ్లతో పని. గ్రైండర్ రవ్వలు కారు అద్దానికి, కిటికీ గాజుకు తగిలితే కరిగి అతుక్కుంటాయి. గ్రానైట్ మీద పడ్డవి వానకు తుప్పు చుక్కలవుతాయి. తడిపిన గోనెపట్టాలు కప్పండి, వాహనాలు జరిపించండి, దగ్గర్లో గ్యాస్ బండ ఉందేమో చూడండి, ఒక బకెట్ నీళ్లు పక్కన పెట్టుకోండి.

గీతకు ముందు ఇంకో దశ

సొంతంగా షాపు పెట్టుకోవాలనుకునేవారు ఈ వరసకు ముందు మరో దశ కలుపుకోవాలి. అది కస్టమర్‌తో మాట. చాలా తప్పులు అక్కడే పుడతాయి. ‘మొన్నటి పక్క ఫ్లాట్ గ్రిల్లు లాంటిదే’ అంటే కొలత ఒకటే అనుకుంటాం. కానీ గోడలు ప్లాస్టరింగ్‌తో అటూ ఇటూ అవుతాయి, ఒకే వరసలోని రెండు బాల్కనీలు కూడా సమానంగా ఉండవు. వెడల్పు పైన, మధ్యలో, కింద మూడుచోట్ల కొలవండి. ఎత్తు కూడా అంతే. కర్ణాలు తప్పనిసరి. చిన్నదైన కొలతే ఫ్రేము కొలత, అందులోంచి బిగింపు సందు తీసేయాలి. కాగితం మీద బొమ్మ గీసి, పైపు సైజు, గేజ్, రంగు రాసి కస్టమర్ చేత సంతకం పెట్టించుకోండి. మొహమాటపడి అడగని ప్రశ్న బిగించే రోజున గొడవై తిరిగొస్తుంది. సంతకం అయ్యాక మీ పొరపాటు కనిపిస్తే ఆ రోజే ఫోన్ చేసి చెప్పండి. పైపు కొనకముందు చెప్పిన పొరపాటును మన్నించని కస్టమర్ అరుదు.

మీ కింద కుర్రాడు పనిచేస్తుంటే ఇదే నియమం. గీత దగ్గర తప్పు చూసి ఊరుకుని, వెల్డింగ్ అయ్యాక అరిచే మేస్త్రీ దగ్గర ఎవరూ ఏమీ నేర్చుకోలేరు.

నేర్చుకునే దారులు దూరంగా లేవు. ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ ఒక ఏడాది, ఎనిమిదో తరగతి పాసైతే చేరవచ్చు. బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ కొలతల ఖచ్చితత్వానికి పేరున్న చోటు. షాపు నడపడంలో లెక్కలు, అప్పులు, అమ్మకాలు తెలుసుకోవాలంటే శ్రీనగర్ కాలనీ పక్కనే యూసఫ్‌గూడలో చిన్న పరిశ్రమల జాతీయ సంస్థ ఎన్ఐ-ఎంఎస్ఎంఈ ఉంది. 1962లో ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు వచ్చిన సంస్థ అది.

ఈ వారం అభ్యాసం

1. 40 × 40 పైపు తుంటలతో 300 × 300 మి.మీ. ఫ్రేము ఒకటి చేయండి. బయటి కొలత 300, లోపలి కొలత 220.

2. ప్రతి దశ చివరా ఆగి నోటుపుస్తకంలో రాయండి: గీత చుట్టూ తిరిగి కలిసిందా, తుంటల జత గునియాలో కూర్చుందా, పేర్చినప్పుడు పెద్ద సందు ఎంత, టాక్ తర్వాత కర్ణాలు ఎంతెంత, వెల్డింగ్ తర్వాత ఎంతెంత.

3. తేడా కనిపిస్తే ముందుకు పోకుండా అదే దశలో దిద్దండి. దిద్దడానికి ఎంత సేపు పట్టిందో పక్కనే రాయండి.

4. పూర్తయ్యాక లప్పం పెట్టకుండా, రంగు వేయకుండా ఒక మూలను మధ్యకు కోసి లోపల చూడండి. అతుకు రెండు గోడల్లోకీ కరిగి దిగిందా, పైపైన కూర్చుందా తెలుస్తుంది.

కర్ణాల తేడా టాక్ తర్వాత ఒక మిల్లీమీటరు లోపు, వెల్డింగ్ తర్వాత రెండు లోపు ఉంటే బాల్కనీ పని ఒప్పుకోండి. అంతకు మించితే ఇంకో ఫ్రేము చేయండి, ఈసారి నోటుపుస్తకంలో ఎక్కువ సేపు దిద్దిన దశ ఏదో చూసి అక్కడ నెమ్మదించండి.